కండక్టరు కోటు

ఇంకా నయం, కోటు తొడిగే బొమ్మకి మీసాలు అంటించమనలేదు, అనుకుంటూ ఆమె కోటుని తిరగేసి బల్ల మీద పరిచింది, పాతికేళ్ళుగా మ్యూజియంలో పాతబట్టలు బాగుచేస్తున్న మనిషి, ఏ గుడ్డనైనా ముందు లోపలివైపే చూస్తుంది, ఆఫీసరమ్మకి పైపైన చూస్తే చాలు, బొత్తాలు కుడివైపున్నాయి కదండీ, మగవాళ్ళదే, ట్రాము కండక్టరుది, పట్టుగౌను బొమ్మకి టికెట్టు ఇస్తున్నట్టు నిలబెడదాం, ఆడవాళ్ళ దుస్తుల ప్రదర్శనలో పక్కన ఒక మగాడుంటే నిండుగా ఉంటుంది, ఛాతీ దగ్గర ఎవరో గుడ్డ లోపలికి మడిచి టక్కులు కుట్టారు, అవి విప్పేస్తే మగబొమ్మకి సరిపోతుంది, అని ఎంత మర్యాదగా చెప్పిందో, తనూ కోటూ ప్యాంటూ వేసుకుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, సరేనండీ అంది ఈమె, ఈ నోటికి ఇంకో మాట వస్తే కదా, బ్లేడు తీసి కుడిటక్కు చకచకా విప్పేసింది, ఎడమటక్కు పట్టుకుంది, అందులో నల్లదారం సగందాకానే ఉంది, ఆపైన నీలం.

నీలం, అమ్మమ్మ చెప్పిన నీలం, యుద్ధానికి మగాళ్ళంతా పోతే ట్రాముల్లోకి మమ్మల్ని పిలిచారే, ఆడవాళ్ళకి వేరే కోట్లు కుట్టించే తీరిక ఎవరికుంది, మగాళ్ళవే ఇచ్చి మీరే సరిచేసుకోండన్నారు, ఎడమటక్కు సగంలో నల్లదారం అయిపోయింది, లోపలిది ఎవడు చూడొచ్చాడని నీలం వేశాను, అని బోసినోటితో నవ్వేది, మూడేళ్ళు అమ్మమ్మ గంట కొడితేనే ట్రాము కదిలేది, టికెట్టు కొననన్న తాగుబోతుని మెడపట్టి దింపేసిందట, మగరాయుడని వీధిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారట, కొరుక్కోనీ, ఆ కోటుకి నాలుగు జేబులుండేవే, అంతకుముందు నా ఒంటిమీద ఒక్క జేబూ ఎరగను, అనేది, మరి యుద్ధం అయ్యాక, మగాళ్ళు తిరిగొచ్చి, కోట్లు అప్పగించి ఇళ్ళకి పొండమ్మా అన్నప్పుడు నువ్వేమన్నావు అమ్మమ్మా, అని అడిగితే ఆ నవ్వు ఆగిపోయేది, ఏమంటానే, ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చాను.

ఒళ్ళు మండిపోయింది, ఇప్పుడే వెళ్ళి చెప్పాలి, ఇది మా అమ్మమ్మదండీ, ఈ బొమ్మ ఆడది కావాలి, చెబితే రుజువేదంటారు, రెండు టక్కులూ ఉంటే ఆడమనిషి ఒళ్ళని గుడ్డివాడికైనా తెలిసేది, ఒకటే మిగిలితే ఏదో చిరుగు కుట్టారనుకుంటారు, ఆ కుడిది విప్పిందెవరు, ఆఫీసరమ్మ కాదు, యుద్ధం నుంచి వచ్చిన మగాళ్ళు కాదు, ఇంతలో గుమ్మంలోంచి అయిందా అండీ అని ఆఫీసరమ్మ గొంతు వినిపించింది, అయిపోవచ్చిందండీ, అనేసింది, మనసు ఇంకా లేచి నిలబడకముందే నాలుక అనేసింది, అప్పుడు కోపం కూడా చప్పబడిపోయి ఒక్కటే మిగిలింది, ఎవరూ గుంజుకోలేదు, ఎవరూ చెయ్యెత్తలేదు, మర్యాదగా అడిగారు, అంతే, అమ్మమ్మని ఈ లోకంలోంచి తుడిచేసిన పని ముందు అమ్మమ్మే మొదలుపెట్టింది, మిగతాది మనవరాలు పూర్తి చేసింది, గుడ్డ మీద గీత కూడా పడకుండా.