బుజ్జమ్మ గీసిన టిప్పర్

రెండు వేల ఆరు ఎండాకాలం. ఇటిక్యాల దగ్గర కాలువ తవ్వుతున్నాం. మేం లోపల ఉండగానే కాంట్రాక్టర్ మనుషులు మందు పేల్చారు. బండ మీదపడి మా తోటి కూలీ కురుమయ్య అక్కడికక్కడే చనిపోయాడు. సూపర్‌వైజర్ మా కళ్లముందే శవాన్ని టిప్పర్‌లోకి ఎత్తించి, పైన మట్టి పోయించాడు.

"దవాఖానకు తీస్కపోతున్నం," అన్నాడు.

ఏ దవాఖానలోనూ కురుమయ్య లేడు. పని ఎగ్గొట్టి పారిపోయాడని పోలీసులు రాసుకున్నారు.

"సచ్చిన మనిషి యాడికి పారిపోతడు సారూ?" అని అతని భార్య మల్లమ్మ అడిగితే లాఠీ చూపించి పంపేశారు.

గద్వాలలో కూలీల సంఘం నడిపే దేవదాసు దగ్గరికి పోయాం. కాంట్రాక్టర్ పేరు వినగానే ప్రెస్సులవాళ్లు కరపత్రం అచ్చు వేసేది లేదన్నారు. దేవదాసు గదిలో చేత్తో తిప్పి కాపీలు తీసే పాత సైక్లోస్టైల్ యంత్రం ఉంది.

"నేను రాస్త, మీరు పంచుండ్రి," అన్నాడు.

"రాస్తే సదివేదెవరన్నా? మావోళ్లకు బొమ్మ గావాలె," అంది మల్లమ్మ. మాతో రాళ్లు మోసే బుజ్జమ్మ వైపు తిరిగింది. "గోడల మీద బొమ్మలేస్తవు గదనే. నువ్వు సూసింది గియ్యి."

మైనం పూసిన పలచని స్టెన్సిల్ కాగితం పరిచి, ఇనుప మొన కలం ఆమె చేతికిచ్చాడు దేవదాసు. మొన గీరినచోట మైనం పోయి సిరా దిగుతుంది.

"గట్టిగ ఒత్తితె చినుగుతది. అల్కగ గీకితె పడదు."

మొదటిది చినిగింది. రెండోదాంట్లో మట్టికుప్పను నల్లగా నింపితే, అచ్చు తీసేటప్పుడు అక్కడ కాగితం ఊడి, సిరా మడుగు కట్టి, కురుమయ్య ముఖం అందులో మునిగిపోయింది. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాతోని గాదన్నా," అంది బుజ్జమ్మ.

"నిండ నింపకు. సుక్కలు వెట్టు. నడుమ సందు ఇడువు," అన్నాడు దేవదాసు.

చుక్క మీద చుక్క పెట్టింది. దేవదాసు యంత్రం పిడి తిప్పాడు. మట్టి, శవం, వేలు చూపించే సూపర్‌వైజర్, వెనక తలుపుకు గొలుసు కట్టిన టిప్పర్ కాగితం మీద తేలాయి.

అయిజ సంతలో పంచుతుంటే, కంకర క్రషర్‌లో పనిచేసే యోసేపు ఆ బొమ్మ చూసి ఉలిక్కిపడ్డాడు. మమ్మల్ని పక్కకు పిలిచాడు.

"గీ గొలుసు బండి మా క్రషర్ ఎనుక గుంతల మట్టి వోసిపోయింది. నా పేరు జెప్పకుండ్రి, సంపుతరు."

మరునాడు సూపర్‌వైజర్ గుడిసెల దగ్గరికి వచ్చాడు. ఏమీ అడగలేదు. ఆడవాళ్లను నిలబెట్టి, సిరా మరకల కోసం ఒక్కొక్కరి వేళ్లు తిప్పి చూశాడు. బుజ్జమ్మ చేతులు పేడలో ఉన్నాయి. నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు మాలో కొందరు జంకారు.

"తవ్వితె మనల్ని గూడ గదే గుంతల ఏస్తరు."

"రేపు నేను సస్తె గిట్లనే కూసుంటరా?" అన్నాడు ముసలి భీమన్న.

గడ్డపారలు తీసుకున్నాం. క్రషర్ వెనక గుంత దగ్గర యోసేపు ముందే వచ్చి నిలబడి ఉన్నాడు.

తవ్వుతుండగా జీపులు వచ్చాయి. ఎస్సై చేతిలో బొమ్మ ఉంది.

"ఎవరే గీసింది?"

"నేనే," బుజ్జమ్మ ముందుకొచ్చింది. "ఏడ తప్పు గీసిన్నో జెప్పు సారూ."

జుట్టు పట్టి జీపులోకి తోశారు. లోపలినుంచి ఆమె అరిచింది: "ఆపకుండ్రి! తవ్వుండ్రి!"

తుపాకులు మా వైపు తిరిగాయి. గుంతలోంచి వాసన వచ్చింది. మల్లమ్మ గడ్డపార పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చొని చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టింది. సగంమందిమి ఆమె పక్కన దిగాం. మిగిలినవాళ్లు వెళ్లి జీపు చక్రాలకు అడ్డంగా పడుకున్నారు.