తోడేలు గొంతు దగ్గర తాడు

"అక్కడ కాదు, ఇంకా కిందికి! బండరాయి పక్కన!"

నా అరుపుకు పదకొండు మంది ఒక్కసారిగా కదిలారు. అందరి చేతుల్లోనూ పొడవాటి సన్నని కడ్డీలు. మంచులోకి దించడం, పైకి లాగడం, ఒక అడుగు ముందుకు. మళ్ళీ దించడం. మంచు చరియ జారి తొమ్మిది నిమిషాలైంది. పదిహేను దాటితే కింద ఉన్న మనిషి మీద ఆశ వదులుకోవాల్సి వస్తుంది.

కింద ఉన్నది ఒక తేనెటీగ.

నిజమే. స్కీ సీజన్‌కి ఆఖరి ఆదివారం కదా, వేషాల పందెం పెట్టాం. కుర్చీ లిఫ్టులో వెళ్తున్నవాళ్ళు పసుపు నలుపు చారల బట్టలేసుకున్న అమ్మాయి తోడేలు గొంతు అనే ఇరుకు లోయలోకి దిగడం చూశారు. ఆ వెంటనే పైనున్న తెల్లటి గోడంతా ఆమె మీదికి రావడం కూడా చూశారు.

"అక్కా, రెక్క!" అన్నాడు యావోర్.

నా తమ్ముడి చేతిలో తీగతో చేసిన రెక్క ఒకటి. గుడ్డ చినిగి వేలాడుతోంది. నేను వాడి మొహం చూడలేదు. తోడేలు గొంతుకు పదకొండింటికి అడ్డంగా తాడు కట్టాల్సింది వాడు. కట్టి ఉంటే ఆ అమ్మాయి అక్కడికి ఎలా వెళ్ళింది?

"కడ్డీ తగిలింది!" అని కేకేశాడు స్త్రాహిల్ బాబాయ్.

అరవై ఒక్క ఏళ్ళ మనిషి పార కోసం కూడా చూడలేదు. మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో తవ్వుతున్నాడు. మంచు అప్పటికే సిమెంటులా బిగిసింది. చేతి తొడుగుల కొనలు చినిగాయి. "బాబాయ్, జరుగు" అన్నా జరగలేదు. నేను భుజంతో తోసి పార దించాను. చారలు కనిపించాయి. మొహం చుట్టూ ఖాళీ చేశాను. నీలం పెదవులు.

పదిహేడో నిమిషంలో ఆమె దగ్గింది.

బాబాయ్ మంచు మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ రక్షణ పనిలో ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు. ఆయనకిదే ఆఖరి సీజన్ కదా, మనసు మెత్తబడిందనుకున్నాను.

స్లెడ్జి మీద పడుకోబెడుతుంటే ఆ అమ్మాయి, లోరా, నా మణికట్టు పట్టుకుంది.

"తాడు లేదండీ. ఒట్టు. తాడుంటే నేను దాటను. ఎవరో వెళ్ళిన జాడ ఉంది. ఆ జాడ పట్టుకునే దిగాను."

పక్కనే నిలబడ్డ యావోర్ మొహం పాలిపోయింది. "కట్టానక్కా. పదకొండు కొట్టగానే కట్టాను. రెండు ముళ్ళు."

"నీ తల కూడా ఎక్కడో మరిచిపోతావని బాబాయ్ ఊరికే అంటాడా?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

మా చెర్నిద్యాల్ కొండ మీద ఏప్రిల్ ఉదయం ఎలా ఉంటుందో తెలిస్తే లోరాను తప్పుపట్టరు. రాత్రి గడ్డకట్టిన మంచు తొమ్మిదిన్నరకు పైన ఒక వేలు మందం వదులవుతుంది. రవ్వ. సన్నగా, పొడిపొడిగా, ఎండకు మెరిసే రవ్వ. స్కీలు దాని మీద గుసగుసలాడుతూ పోతాయి. చొక్కా చేతులు మడిచి, మొహాన ఎండ కొడుతుంటే దిగుతూ ఉంటే కొండ మొత్తం మన మాటే వింటున్నట్టుంటుంది. ఆ సుఖం గంటన్నర. పదకొండు దాటిందంటే రవ్వ జావవుతుంది. తూర్పు ముఖంగా ఉన్న తోడేలు గొంతులో ఆ జావ నిలవదు, జారుతుంది. అందుకే తాడు.

పోలీసులు బయల్దేరారని రేడియోలో చెప్పారు. వాళ్ళు వచ్చేలోపు నేను పైకి వెళ్ళాను. కుర్చీ లిఫ్టు ఎప్పుడూ అంత నెమ్మదిగా అనిపించలేదు. కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాను. కింద మైదానంలో మాంసం కెబాప్చేలు కాల్చే పొగ ఇంకా లేస్తోంది. పాటలు మాత్రం ఆపేశారు.

తాడు ఒక కొస కుడి గుంజకు రెండు ముళ్ళతో గట్టిగా ఉంది. రెండో కొస ఎడమ గుంజ మొదట్లో, మంచు మీద చుట్ట చుట్టి పెట్టి ఉంది. గాలికి ఊడిన తాడు చుట్టలు చుట్టుకోదు. ఎవరో విప్పారు. మళ్ళీ కట్టేవాళ్ళలా జాగ్రత్తగా పెట్టారు.

అక్కడి నుంచి రెండు జాడలు కిందికి దిగాయి. ఒకటి వెడల్పుగా, భయం భయంగా. అది లోరాది. రెండోది దగ్గర దగ్గర మలుపులతో, కాళ్ళు రెండూ అతికించినట్టు. మా రక్షణ స్టేషన్‌లో ముగ్గురమే అలా తిరుగుతాం. నేను, యావోర్, మా ఇద్దరికీ నేర్పిన స్త్రాహిల్ బాబాయ్.

ఎడమ గుంజ పక్కన మోకాలెత్తు పైన్ పొద ఉంది. దాని కొమ్మకు ఎరుపు తెలుపు దారం కట్టి ఉంది.

మార్తెనిత్సా. మార్చి ఒకటిన మణికట్టుకు కట్టుకుంటాం. మొదటి కొంగో, మొదట పూసిన చెట్టో కనిపించగానే విప్పి, కొమ్మకు కట్టి, మనసులో ఒకటి కోరుకోవాలి. ఆలస్యం చేయకూడదు. పైనుండే మాకు పూసే చెట్లు ఉండవు గనుక ఆఖరి రోజు దాకా చేతికే ఉంటాయి. ఈ ఏడు మా స్టేషన్‌కి నేనే పేనాను. తెల్ల నూలు అయిపోతే మందుల పెట్టెలోని గాయం కట్టు దారం లాగి కలిపాను. మా ముగ్గురికి మూడంటే మూడే చేశాను.

కొమ్మ మీద ఉన్నది గాయం కట్టు దారమే.

నాది నా చేతికుంది. ఉదయం నుంచీ నేను కింద పందెం గుడారం దగ్గరే ఉన్నాను. నాకు తెలిసి గుంజ దగ్గరకు వచ్చింది యావోర్ ఒక్కడే. కొమ్మ నుంచి దారం విప్పాను. జేబులో వేసుకున్నాను. ఇక్కడే లోయలోకి విసిరేస్తే ఎవరికి తెలుస్తుంది? జేబులో చేయి పెట్టుకునే కిందిదాకా దిగాను.

ఇన్‌స్పెక్టర్ మ్లదెనోవ్ పట్నం బూట్లతో వచ్చాడు. తడిసిన సాక్సులు మా పొయ్యి మీద ఆరబెట్టి, కాగితాలు తీశాడు. బల్లకు అటు యావోర్, ఇటు స్త్రాహిల్ బాబాయ్. ఇద్దరూ తొడుగులు తీయలేదు.

"తాడు బాధ్యత నీది. కట్టానంటావు, అమ్మాయి లేదంటుంది. ఆమెకు ఏమన్నా అయితే జైలే, తెలుసుగా? బతికినా ఈ బ్యాడ్జీ మాత్రం ఉండదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కట్టాను సార్."

"పెద్దాయనా, మీరేమంటారు?"

బాబాయ్ పొయ్యి వైపు చూశాడు. "నేను పై గదిలో రేడియో దగ్గర ఉన్నాను."

నేను తమ్ముడి ముందు నిలబడ్డాను. "యావోర్, తొడుగు తియ్యి."

"ఎందుకక్కా?"

"తియ్యమన్నానా!"

లాగాడు. మణికట్టు మీద ఎరుపు, దాని పక్కన మాసిన గాయం కట్టు దారం. ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలాను. ఆ ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే ఇంకో బరువు వచ్చి గుండె మీద కూర్చుంది.

జేబులోది బల్ల మీద పెట్టాను. నా చేయి పక్కన పెట్టాను.

"ఇది తాడు గుంజ పక్కన పొదకుంది. మూడు చేశాను. రెండు ఇక్కడున్నాయి."

బాబాయ్ నెమ్మదిగా తొడుగు తీశాడు. గోళ్ళలో ఎండిన రక్తం. మణికట్టు ఖాళీ.

"ఒక్కసారి దిగుదామనుకున్నా, రాలూ" అన్నాడు. "ఆఖరి రోజు. పదకొండుంపావే అయింది. రవ్వ ఇంకా చెడలేదు, ఏం రవ్వ అది! తాడు విప్పి, లోపలికి దాటాక మళ్ళీ కట్టేద్దామని చుట్ట పెట్టాను. అప్పుడే నెత్తి మీద కొంగ. ఇంతెత్తులో కొంగ నా జన్మలో చూడలేదు. గబగబా దారం విప్పి కొమ్మకు కట్టాను. కోరుకున్నాను. కొంగను చూస్తూనే జారిపోయాను. తాడు మాట గుర్తే లేదు."

"మరి వాణ్ణి ఎందుకు మాటలు పడనిచ్చావు?"

"తవ్వేటప్పుడే చెబుదామనుకున్నా. ఆ పిల్ల దగ్గగానే చెబుదామనుకున్నా. ఆ తర్వాత నోరు పెగల్లేదు."

యావోర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

ఇన్‌స్పెక్టర్ రికార్డర్ నొక్కి బల్ల మధ్యకు జరిపాడు. "ఇదంతా మళ్ళీ చెప్పాలి. ముందు ఒక్కటి. తాడు విప్పిందెవరు? పేరు."

బాబాయ్ నోరు తెరిచాడు. మాట రాలేదు. నాకు మంచు మీద నిలబడటం నేర్పిన మనిషి నా వైపు చూశాడు. తమ్ముడు కూడా నా వైపే చూస్తున్నాడు.

నేను రికార్డర్ వైపు వంగాను.

"స్త్రాహిల్ బొదూరోవ్."