నీళ్ళ చుక్క కాదు

"అది నీళ్ళు కాదు మాస్టారూ."

ఈ మాట అనడం ఇది ఎన్నోసారో ఆమెకే లెక్క తప్పింది. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కంప్యూటర్ తెర మీద ఉన్న ఎర్ర బొట్టు వైపు చూసి, "నీళ్ళు కాకపోతే మరేమిటమ్మా, పాలా?" అన్నారు. ఆయనా ఈ మాట ఇప్పటికి చాలాసార్లు అన్నారు. అన్నప్పుడల్లా అప్పుడే తోచినట్టు తనే నవ్వుకుంటారు.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు చేతికందాక, పదకొండేళ్ళ విరామం తర్వాత మళ్ళీ ఈ ల్యాబ్‌లో పరిశోధనకు చేరింది. డిగ్రీ గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించారు, ఇక కుదరదన్నారు. నెలాఖరులోగా మాస్టారి సంతకంతో థీసిస్ ఆఫీసుకు చేరకపోతే ఆరేళ్ళ పని అటకెక్కినట్టే. రాయడం అంతా అయిపోయింది. మిగిలింది ఒక్క సంతకం. దానికి అడ్డం ఈ బొట్టు.

ప్రోటీన్ అంటే పొడుగాటి గొలుసు, మడతలు పడి ముద్దగా ఉంటుంది. ఆ మడతల్లో అక్కడక్కడ మూడు నాలుగు పూసలంత మేర చిన్న మెలిక వస్తుంది. మెలికలోని ఆక్సిజన్లు లోపలివైపు తిరిగి, సోడియంలాంటి విద్యుదావేశమున్న పరమాణువు ఒకటి దొరికితే చాలు, పొదివి పట్టుకుంటాయి. వందల ప్రోటీన్లలో ఇలాంటి మెలికలు వెతికి, ఏది దేన్ని పట్టుకుందో పట్టిక వేయడమే ఆమె చేసిన పని. ల్యాబ్‌లో ఆమెను మెలికలావిడ అంటారు. చాటుగా కూడా కాదు, మొహం మీదే.

చివరి అధ్యాయం మాత్రం ఒకే ఒక్క ప్రోటీన్ గురించి. పన్నెండేళ్ళ కిందట దాన్ని స్ఫటికం చేసి, ఎక్స్‌రేలతో చూసి, ఆకారం తేల్చింది మాస్టారే. అందులో ఒక మెలిక, మెలిక మధ్య ఒక బొట్టు. బొట్టు దగ్గర మాస్టారు నీళ్ళని రాసుకున్నారు. ఆమె సోడియం అంటోంది.

ఆ మాటకొస్తే ఎవరైనా పొరబడేదే. ఎక్స్‌రేలకు కనిపించేవి ఎలక్ట్రాన్లు. నీటి అణువులో పది ఉంటాయి, ఆవేశమున్న సోడియంలోనూ పదే. చూడ్డానికి రెండూ ఒకటే బొట్టు. ఏమిటో తెలియని ప్రతి బొట్టులోనూ కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతటదే నీళ్ళు పోసుకుంటూ పోతుంది. మనుషులు ఓసారి చూసి సరే అంటారు. ఆనాడు మాస్టారూ సరే అన్నారు.

"దూరాలు చూడండి. నీళ్ళయితే చుట్టూ ఉన్న ఆక్సిజన్లకి రెండు పాయింట్ ఎనిమిది ఆంగ్‌స్ట్రాముల దూరంలో ఉండాలి. ఇది రెండు పాయింట్ నాలుగు. నీళ్ళు అంత దగ్గరికి రావు కదండీ."

"కొన్ని వస్తాయి."

"అయిదు ఆక్సిజన్ల మధ్యకా?"

"చలికి దగ్గర దగ్గరగా కూర్చున్నాయేమో. స్ఫటికాన్ని గడ్డకట్టించే కదా చూసింది!" మళ్ళీ నవ్వు. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకమ్మా ఈ తలనొప్పి? ఆ అధ్యాయం తీసెయ్. రేపు పొద్దున్నే సంతకం పెడతాను," అన్నారు.

ఆమె కంప్యూటర్ ఆపేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆడపడుచు మెట్ల మీద కూర్చుని ఎవరిదో చొక్కా అంచు కుడుతోంది. పై వాటాలో ఉంటుంది, బట్టలు కుడుతుంది.

"ఏం వదినా, తేలిందా? నీళ్ళా, ఉప్పా?"

"నువ్వూ మొదలెట్టకు."

"మీ మాస్టారు ఆ అధ్యాయం తీసెయ్యమంటూనే ఉన్నాడుగా, తీసి అవతల పారెయ్యి. లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?"

"కొలత తప్పని తెలిసీ చొక్కా కుడతావా నువ్వు?"

"అమ్మో, కుట్టను. తొడుక్కున్నవాళ్ళు ఇంటిమీదికొచ్చి తిడతారు. మీ ప్రోటీన్ వచ్చి తిడుతుందేమిటి?"

ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నిజం చెప్పాలంటే ఆ అధ్యాయం తీసేద్దామని ఆ వారంలో తనకే రెండుసార్లు అనిపించింది. అలా అనిపించినందుకే ఎక్కువ మండింది.

మాస్టారికి చెప్పకుండా చేస్తున్న పని ఒకటుంది. అదే ప్రోటీన్‌ని సోడియం ఉప్పు బదులు పొటాషియం ఉప్పులో పెట్టి కొత్తగా స్ఫటికాలు పెంచుతోంది. ఆవేశమున్న పొటాషియంలో ఎలక్ట్రాన్లు పద్దెనిమిది. మెలికలో ఉన్నది సోడియమే అయితే, అది దొరకనప్పుడు ఆ చోటులోకి పొటాషియం వచ్చి కూర్చుంటుంది, బొట్టు ఉబ్బుతుంది. నీళ్ళయితే ఉప్పు మార్చినా ఉలకదు, పలకదు.

మొదటి విడత స్ఫటికాలకు పది రోజులు పట్టింది. బొట్టు ఉలకలేదు, పలకలేదు. రెండు రోజులు ఆమె లెక్కలన్నీ మళ్ళీ కట్టి చూసుకుంది. మూడోనాడు తన నోటు పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. ఉప్పయితే మార్చింది కానీ, ద్రావణం పులుపు సరిచేయడానికి అలవాటు కొద్దీ సోడియం హైడ్రాక్సైడ్ పోసింది. ముందు గుమ్మంలోంచి గెంటేసిన సోడియాన్ని దొడ్డి గుమ్మంలోంచి తనే పిలిచి కూర్చోబెట్టింది. గుండ్రటి, చక్కటి తన రాతలోనే ఉంది ఆ సంగతి. తిట్టుకోవడానికి ఇంకో మనిషి కూడా లేకపోయింది.

రెండో విడతకు పొటాషియం హైడ్రాక్సైడే వాడింది. సీసా మీద పేరు మూడుసార్లు పైకి చదివి మరీ పోసింది. గడువు ఎనిమిది రోజులుందనగా స్ఫటికాలు వచ్చాయి. ఎక్స్‌రే యంత్రం దగ్గర రోజున్నర కాపలా కాసి, లెక్కలన్నీ కట్టి, ఇంకా ఆరు రోజులుందనగా పొద్దున్నే మాస్టారి బల్ల మీద రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టింది. పాత బొట్టు, కొత్త బొట్టు. కొత్తది దాదాపు రెండింతలుంది.

"ఉప్పు మారిస్తే నీళ్ళు లావెక్కవు మాస్టారూ."

ఆయన చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశారు. చివరికి, "నాకు అప్పుడే అనుమానం వచ్చిందమ్మా," అన్నారు.

ఆమె కిటికీ వైపు తిరిగి అయిదు దాకా అంకెలు లెక్కపెట్టుకుంది.

"ప్రోగ్రామ్ నీళ్ళంటే నీళ్ళేనని నమ్మెయ్యడమే మాస్టారూ తప్పు. ఒక్కసారి దూరం కొలిచి ఉంటే..."

"నిజమే, నిజమే." మాస్టారు పక్కనున్న థీసిస్ తిరగేస్తున్నారు. మూడో అధ్యాయం దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ అరవై నాలుగు మెలికలు ఖాళీ అని రాశావు. వీటిలో ఏమీ లేదా?"

"లేదండీ. నీళ్ళున్నాయంతే, అందుకే..."

మాట మధ్యలోనే ఆమె వంగి ఆ పట్టిక చూసింది. అరవై నాలుగు ప్రోటీన్లు, ఎవరెవరో తేల్చినవి. వాళ్ళు నీళ్ళని రాసుంటే తనూ నీళ్ళని నమ్మి, కొలవకుండానే పక్కన పడేసింది. నెల రోజులుగా ఈ పెద్దమనిషిని ఏమని దులిపేస్తోందో సరిగ్గా అదే పని, అరవై నాలుగు సార్లు చేసింది.

మాస్టారు కలం మూత తీశారు. "ఆరు రోజుల్లో ఏం చేస్తావు? ఉన్నదున్నట్టుగా సంతకం పెట్టేస్తానులే, ఎవరికీ తెలీదు."

నెల రోజులుగా ఆమె ఎదురుచూసిన కలం అది. తీరా కాగితం మీదికి వచ్చేసరికి చెయ్యి చాచి థీసిస్ లాగేసుకుంది.

"వద్దండీ. ఇప్పుడు పెట్టకండి."

"నిన్నటిదాకా పెట్టమని ప్రాణం తీశావు!"

"ఇప్పుడు పెట్టొద్దని తీస్తున్నాను."

ఆయన ఆమె మొహంలోకి చూసి, కలం జేబులో పెట్టుకుని, కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "సరే, రాసుకో. దూరాలు నేను చదువుతాను."

ఆయన చదవడం ఎంత నిదానమంటే, ఆయన చేతిలో మౌస్ లాక్కుని తనే కొలుచుకుందామా అనిపించింది ఆమెకు. ఒక్కో ప్రోటీన్ దగ్గరా ఆగి, అది ఎవరు తేల్చారో, వాళ్ళ గురువెవరో, ఎప్పుడు ఎక్కడ కలిశారో చెప్పందే కదలరు. అయినా మధ్యాహ్నానికి ఇరవై మూడు అయ్యాయి. అందులో ఏడు నీళ్ళు కావు. ఈ లెక్కన రేపటికి కొలతలు పూర్తవుతాయి, రెండు రోజుల్లో అధ్యాయం తిరగరాయొచ్చు. ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి, ఈయన కబుర్లు తగ్గిస్తే.

"ఇరవై నాలుగు. రెండు పాయింట్ మూడు... రెండు పాయింట్ నాలుగు... ఆక్సిజన్లు ఆరు." మాస్టారు తెర మీదికి వంగారు. "ఇది ఎవరిదో తెలుసా? ఆ మహానుభావుడిది! ఓసారి నిండు సభలో లేచి, నాకు నీళ్ళు చూడ్డం రాదన్నాడు. ఇప్పుడు చూడు, వీడి నీళ్ళేమిటో!"

"మాస్టారూ, ఇరవై అయిదు."

"ఉండమ్మా, ఉండు. దీన్ని మళ్ళీ ఓసారి చదవనీ."