తెర వెనక హేరోదు

పండక్కి ముందే మా చర్చిలో జరుపుకునే సెమీ క్రిస్మస్ నాటికలో హేరోదు రాజు వేషం పందొమ్మిదేళ్ళుగా ఒకడిదే. వాడు క్రైస్తవుడు కాదు, రాజు అంతకన్నా కాదు. కొబ్బరికాయల వ్యాపారి. పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు కనక ఈశ్వర్రావు గారంటారు. నేను మాత్రం ఒరే అంటాను. ఒకటో తరగతి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం హక్కు నాకుంది.

నా పేరు ఎబినేజర్. కొత్తపేటలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పలివెల దాటాక వచ్చే మా ఊరి చర్చికి ఏటా నాటిక రాసేది నేనే. మిగతా ఊళ్ళలో పిల్లలు స్పీకర్లో పాట పెట్టుకుని దానికి పెదాలు కదుపుతూ చేతులూపుతారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాటికలో పద్యం ఉంటుంది, హార్మోనియం ఉంటుంది, మనిషి గొంతు ఉంటుంది. కాపరులూ జ్ఞానులూ ఎవరైనా వెయ్యొచ్చు. దుప్పటి కప్పితే కాపరి, అట్ట కిరీటం పెడితే జ్ఞాని. పసి యేసుని చంపించబోయిన రాజు, హేరోదుకి మాత్రం గొంతు కావాలి. ఈశ్వర్రావు కుర్రతనంలో పౌరాణిక నాటకాల్లో పాడినవాడు. వాడు రాగం ఎత్తుకుంటే కాలవగట్టు మీద వెళ్ళే ఆటోలు కూడా ఆగేవి.

ఈ ఏడు అక్టోబరులో వాడు మిగిలిన నాలుగు పళ్ళూ తీయించేసి, అమలాపురం వెళ్ళి మొత్తం కట్టించుకున్నాడు. మాటకి బాగున్నాయి, ముద్దకి బాగున్నాయి. ఫొటోలో అయితే పదేళ్ళు తగ్గాడు. డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో రిహార్సల్ పెట్టాం. నూకరాజు హార్మోనియం ముందు కూర్చున్నాడు. పొద్దంతా పంక్చర్లు వేసే చేతులే గానీ మెట్ల మీద పడితే వెన్న. శ్రుతి ఇచ్చాడు. ఈశ్వర్రావు గుండె నిండా ఊపిరి పీల్చి, నోరంతా తెరిచి రాగం అందుకున్నాడు.

పై వరస ఊడి కిందకి జారింది.

టక్కున నోరు మూశాడు. సర్దుకుని మళ్ళీ తెరిచాడు, మళ్ళీ జారింది. మూడోసారి బొటనవేలితో పైకి నొక్కిపట్టి పాడబోయాడు. దేవదూతల వేషం వేసే పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. చిన్నపిల్లలు, వాళ్ళననేదేముంది? అరవై నాలుగేళ్ళవాణ్ణి, నేనూ నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. ఈశ్వర్రావు నా వంక ఒకసారి చూసి, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత పది రోజులు మనిషి జాడే లేదు. ఫోనెత్తలేదు. నాటిక వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నాడు. వేషం సంగతి దేవుడెరుగు, సాయంత్రాలు టీకొట్టు దగ్గర నేనూ నూకరాజూ ఎదురెదురుగా కూర్చుని గ్లాసులు ఖాళీ చేసి లేచిపోయేవాళ్ళం. డిసెంబరు చలీ, వీధంతా స్టార్లూ, ఏ ఇంటి ముందు నడిచినా కజ్జికాయల వాసనా. అన్నీ ఉన్నాయి. నాకే ఏమీ సయించలేదు.

పదకొండో రోజు వాడి భార్య లక్ష్మీదుర్గ మా ఇంటికొచ్చింది.

"అన్నయ్యగారండీ, మీ స్నేహితుడు నోరు విప్పట్లేదండీ. అన్నం కూడా గోడేపు తిరిగి తింటున్నారు. నలభయ్యేళ్ళ నుంచీ, ఆపండి బాబూ మీ రాగాలు అని నేనే కసిరేదాన్నండి. ఇప్పుడా ఇంట్లో ఉండలేకపోతున్నానండి."

"డాక్టరుకి చూపించలేదా అమ్మా?"

"చూపించేరండి. ఏదో పేస్టు రాసుకోమన్నారంట. మాటకైతే ఆగుతుందండి, రాగానికి ఆగట్లేదు. ఇంక పాట నాకు లేదే, అయిపోయింది అన్నారండి రాత్రి." ఆవిడ కళ్ళొత్తుకుంది. "మీరు చెప్తేనే వింటారండి. ఆయ్, మీరే రావాలండి."

అయిపోయింది అన్న మాట నాకు ముల్లులా దిగింది. వాడికి ఆస్తి అంటే కొబ్బరితోట కాదు, ఆ గొంతే. అది పోయిందని వాడు నమ్మేశాడు. నమ్మించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చెప్పులేసుకుని ఆవిడ వెనకాలే బయల్దేరాను.

ఈశ్వర్రావు కొబ్బరికాయల కొట్టులో, వలిచిన కాయల రాశి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"నువ్వూ నవ్వేవు కదరా," అన్నాడు.

"నవ్వేను. తప్పయింది. ఇప్పుడేం చెయ్యమంటావ్, గుంజీళ్ళు తియ్యనా?"

"ఏటీ వద్దు. ఎళ్ళిపో."

"పళ్ళు పోతే గొంతు పోద్దేంట్రా? తీసేసి పాడు!"

వాడు విసురుగా లేచి, పళ్ళసెట్టు తీసి చేత్తో పట్టుకుని నాకెదురుగా నిలబడ్డాడు. దవడలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకి దగ్గరగా వచ్చి, వాళ్ళ తాతలా కనిపించాడు.

"చూడు. బాగా చూడు. ఇది హేరోదు మొహమేనా? రాజు కనబడితే జనం జడవాల. ఈ మొహం చూస్తే అయ్యో పాపం ముసిలోడు అంటారు, లేకపోతే నవ్వుతారు. రెండూ నా వల్ల కాదు."

"ఇక్కడ ఎవరూ లేరు. కాయలకి కళ్ళు లేవు. నాకోసం ఒక్కసారి ఎత్తుకో."

చాలాసేపు బతిమాలించుకున్నాడు. చివరికి తలుపు దగ్గరకి లాగి, అటు తిరిగి నిలబడి, నేను ఈ ఏడు రాసిన తేటగీతి పద్యం అందుకున్నాడు.

"ఎవడు రారాజు నాకంటె యిలను నేడు,
పసుల పాకలో పుట్టిన పసికి భయమె..."

ఒకటీ అరా అక్షరం జారిందేమో గానీ రాగం చెక్కు చెదరలేదు. నోట్లో అడ్డేమీ లేదు కాబోలు, గొంతు ఇంకా విశాలంగా వచ్చింది. లక్ష్మీదుర్గ తలుపు అవతల నిలబడి ఏడుస్తోందని ఆవిడ ముక్కు చీదిన చప్పుడుని బట్టి తెలిసింది.

ఉపాయం నాకు అక్కడే తట్టింది. వేషం వేరేవాడు వేస్తాడు. ఈశ్వర్రావు తెర వెనక నిలబడి పాడతాడు. నేనిన్నాళ్ళూ ఏ పెదాల కదుపుడుని తిట్టానో అదే నా నాటికలో పెడుతున్నానని తెలుసు. తెలిసే పెట్టాను. వాడు ఒక్కటే షరతు పెట్టాడు.

"ఊళ్ళో పురుగుక్కూడా తెలీకూడదు."

"తెలిస్తే నా మీసం తీయించేస్తాను," అన్నాను.

హేరోదుగా బెంజమిన్‌ని పట్టుకొచ్చాను. కరెంటాఫీసులో లైన్‌మన్, ఆరడుగుల మనిషి, భయంకరమైన కనుబొమలు. నోరు తెరిస్తే మాత్రం రేకు మీద మేకు గీసినట్టుంటుంది, అందుకే ఎప్పుడూ గొర్రె వేషమే ఇచ్చేవాళ్ళం. ఆ వారమంతా మధ్యాహ్నాలు కొబ్బరికాయల కొట్టులో తలుపులేసుకుని సాధన చేశాం. ఈశ్వర్రావు పాడటం, బెంజమిన్ నోరు తెరవటం. రాగం మొదలయ్యాక తెరిచేవాడు, అయిపోయాక మూసేవాడు కాదు.

"మూసెయ్ బాబూ, ఈగలెళ్తాయి," అనేవాడు నూకరాజు.

"ఎప్పుడు ముయ్యాలో నాకెలా తెలుస్తాదండీ? కరెంటు లాగా స్విచ్చి లేదు కదండీ."

చివరికి నూకరాజు తల పైకెత్తితే తెరవాలి, దించితే ముయ్యాలి అని ఒప్పందం కుదిరింది. లక్ష్మీదుర్గ అల్లం టీ పోసేది, మా ఇంట్లో పండక్కి వండిన కరకరలాడే గులాబీ పువ్వులు నేను పట్టుకెళ్ళేవాణ్ణి. ఈశ్వర్రావు వాటిని టీలో నానేసుకుని తినేవాడు. మూడోరోజు బెంజమిన్ ఆవులింత వచ్చి నోరు తెరిచాడు, అది సైగ అనుకుని ఈశ్వర్రావు రాగం ఎత్తేశాడు. నలుగురం కాయల రాశి మీద కూలబడి నవ్వాం. ఈశ్వర్రావు ఆ బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. నాకు నా డిసెంబరు తిరిగొచ్చినట్టనిపించింది.

ఇరవై రెండో తారీఖు సాయంత్రం ఆరింటికి నాటిక మొదలైంది. ఎనిమిదికల్లా ముగించాలని పాస్టరు గారి ఆజ్ఞ. చర్చి ముందు కుర్చీలు నిండిపోయి, జనం ప్రహరీ మీద కూడా ఎక్కారు. మా వాళ్ళూ, వీధి అవతల వాళ్ళూ అందరూ ఉన్నారు. దేవదూతలు పాట మరిచిపోయారు, ఒక జ్ఞాని కానుక ఇంటి దగ్గర వదిలేసి వచ్చాడు. ఏటా ఉండేదే. తరవాత హేరోదు దర్బారు.

బెంజమిన్ ఎర్ర సిల్కు దుప్పటిలో నిజంగానే జడిపించేలా ఉన్నాడు. నూకరాజు తలెత్తాడు. తెర వెనక చేతిమైకు ముందు, నా పక్కన, కండువా మూతికి చుట్టుకుని నిలబడ్డ ఈశ్వర్రావు కండువా కిందకి లాగి అందుకున్నాడు. ఆ గొంతు వినగానే జనంలో పిల్లల ఏడుపులు కూడా ఆగిపోయాయి. బెంజమిన్ ఎక్కడా తప్పలేదు. నూకరాజు తల దించాడు, పద్యం ముగిసింది. హమ్మయ్య అనుకున్నాను.

"వన్స్ మోర్!"

ఒక గొంతు, పది గొంతులు, మొత్తం ఆవరణంతా. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

మా వైపు పద్యం నచ్చితే జనం ఊరుకోరు. పాడినవాడు ముందుకొచ్చి దండం పెట్టి మళ్ళీ పాడాల్సిందే. అరవయ్యేళ్ళు ఈ గడ్డ మీద నాటకాలు చూసినవాళ్ళం, అన్నీ ఆలోచించి ఆ ఒక్కటీ ఎలా మరిచామో! గొర్రెగానే స్టేజీ ఎరిగిన బెంజమిన్ మాత్రం మహదానందంగా ముందుకెళ్ళి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, నూకరాజు సైగ చూసి నోరు తెరిచాడు.

పాట లేదు. తెర వెనక ఈశ్వర్రావు కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మైకు! మైకు చూడండెహె!" అని జనం అరిచారు. మైకుసెట్టువాడు పరిగెత్తుకొచ్చి స్టేజీ ముందు మైకుని టకటకా కొట్టి చూశాడు. బ్రహ్మాండంగా మోగింది. బెంజమిన్ నోరు మూసి, వంగి వాడికి ఏదో చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడు ఈశ్వర్రావు ఊపిరి కూడదీసుకుని రాగం ఎత్తాడు. హేరోదు మూతి మూసుకుని ఉంది, హేరోదు గొంతు ఊరంతా మోగుతోంది.

ఇంక ఈలలు, కేకలు. ముందు వరసలో కూర్చున్న చిన్నమ్మలు, ఎనభయ్యేళ్ళ మనిషి, కర్ర నేలకేసి కొట్టి లేచింది. "అది ఈశ్వర్రావు గారి గొంతు కాదేంటి! ఎక్కడ దాచేరు ఆయన్ని? రమ్మనండి ముందుకి!"

బెంజమిన్ కిరీటం తీసేసి మైకులో "గొంతు నాది కాదండీ, క్షమించాలి," అన్నాడు. ఎంతైనా నిజాయితీపరుడు.

తెర వెనక ఈశ్వర్రావు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నవ్వుతార్రా," అన్నాడు.

"నవ్వుతారు," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నేనూ నవ్వేను కదా. ఆ తరవాత నువ్వు లేక పది రోజులు చచ్చేను. నువ్వు పాడకపోతే నాకు ఈ నాటికా వద్దు, పండగా వద్దు. ఎళ్ళరా."

నా చెయ్యి వదిలాడు. కండువా మూతికి చుట్టుకుని తెర పక్కనుంచి నడిచి వెళ్ళి మైకు ముందు ఆగాడు. దండం పెట్టడానికి చేతులెత్తితే కండువా జారిపోయింది.

నవ్వారు. నిజంగానే నవ్వారు, పిల్లలూ పెద్దలూ కూడా. నేను తెర గుడ్డ గుప్పిట్లో నలిపేశాను. ఈశ్వర్రావు జనాన్ని అటు నుంచి ఇటు చివరి దాకా చూశాడు. తరవాత వాడూ నవ్వాడు, బోసిగా.

"హేరోదు వయసైపోయిందండి," అన్నాడు మైకులో. "పళ్ళు కట్టించేరు గానీ అయి ఎదవ పళ్ళండి, పద్యానికి పనికిరావట. మీకు మొహం కావాలా, పాట కావాలా?"

"పాట!" అంది ఆవరణంతా.

నూకరాజు శ్రుతి కలిపాడు. ఈశ్వర్రావు కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి, ఈసారి రాగం ఎంత సాగించాడంటే పాస్టరు గారు గడియారం చూసుకోబోయి చెయ్యి దించేశారు. నవ్విన పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పద్యం అయ్యాక మళ్ళీ వన్స్ మోర్. అది పాడాక ఇంకోటి. తరవాత క్రిస్మస్ పాటలు మొదలుపెట్టించారు, జనం కూడా అందుకున్నారు. రేకు మీద మేకు గీసినట్టు బెంజమిన్ కూడా అందుకున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. నేను తెర వెనక కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

పాటకీ పాటకీ మధ్య లక్ష్మీదుర్గ చీర కుచ్చిళ్ళు పట్టుకుని గబగబా స్టేజీ పక్కకి వచ్చింది. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది.

"ఇవిగోనండి, పెట్టుకోండి. అందరూ సెల్‌ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారండి."

ఈశ్వర్రావు వంగి ఆ డబ్బా వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"నీ దగ్గరే ఉంచవే," అన్నాడు. "ఇంకా పాడాల."