బయటి తెర

గిల్-డో పడ్డాడు. తెర వెనక ఇనప చట్రం మీంచి, చేతిలో పలకతో సహా కింద పడ్డాడు.

కొరియాలోని ఇంచన్‌లో వీడియో గేముల ఫైనల్ పోటీకి వేదిక కడుతున్నారు. మూడంతస్తుల ఎత్తు ఎల్‌ఈడీ తెర అది. పలక పక్కన పలక బిగించి దాన్ని నిలబెట్టాలి. తెరకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత సందు, ఆ సందులోనే వీళ్ళ బతుకంతా. సాయంత్రానికి ఆ తెర మీద ఆట వెలిగిపోవాలి. దాన్ని నిలబెట్టినవాడు మాత్రం కాంక్రీటు మీద పడి మూలుగుతున్నాడు.

కంట్రోలు బల్ల దగ్గరున్న యోన్-సిల్ పరుగెత్తుకొచ్చింది. ఏ తెర మీదికి ఏ బొమ్మ వెళ్ళాలో పంపేది ఆమే. గిల్-డో పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"అక్కా, నా కాళ్ళున్నాయా? తెలీడంలేదు."

"ఉన్నాయిరా. కదలకు నువ్వు."

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండెవరైనా!" అని ఒకడు అరిచాడు. దేంతో చేస్తారు? వేదిక ఫొటో ముందే బయటికి పొక్కితే కంపెనీ కొంప మునుగుతుందట! అందుకని పొద్దున గేటు దగ్గరే అందరి ఫోన్లూ లాక్కుని పెట్టెలో పడేశారు. తలుపులకి బయటినుంచి తాళాలు వేశారు. ఎవరు ఎటు కదలాలన్నా కాంట్రాక్టు మేనేజరు ప్యో నోరు విప్పాలి.

ప్యో వచ్చాడు. ముందు తెర వంక చూశాడు, తర్వాత మనిషి వంక.

"సర్కారు అంబులెన్స్ ఏమీ వద్దు. మన వ్యాను వస్తోంది, మన ఆసుపత్రికే పంపిద్దాం. మీరు పనిలోకి పదండి."

ఆ వ్యాను సంగతి ఈ పనిలో ఉన్నవాళ్ళెవరికి తెలీదు? సర్కారు అంబులెన్స్ వస్తే పనిచోట ప్రమాదం అని నమోదవుతుంది, తనిఖీవాళ్ళు దిగుతారు, పోటీ ఆగిపోతుంది. కంపెనీ వ్యానెక్కితే మాత్రం ఇంటి మెట్ల మీద జారిపడ్డాడని రాసేస్తారు. ఆ తర్వాత బతికినా చచ్చినా వాడి ఖర్మ.

"నడుం విరిగినవాణ్ణి సామాన్ల వ్యానులో కుక్కేస్తారా? మీరసలు మనిషేనా సార్?" అంది యోన్-సిల్.

"ఏయ్, నోరు జాగ్రత్త! నీ పని బొమ్మలు పంపడం. పోయి పంపు."

పిల్-గొన్ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. గుంపులో అందరికన్నా పెద్దవాడు. వయసులో ఉన్నప్పుడు ఇలాగే ఎదురు తిరిగాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ హాల్లోనూ అతన్ని గడప తొక్కనివ్వలేదు.

"ఊరుకో అమ్మాయ్. పేరు చెడితే మళ్ళీ పని పుట్టదు. ఆ బాధ నేను పడ్డాను."

"మరి వాడి సంగతేంటన్నా?"

తలుపులు బద్దలు కొడదామన్నారు ఇద్దరు. ఇనప తలుపులు, అవతల గార్డులు. "బోనులో ఎలకలం అయిపోయాం, ఛీ!" అని ఒకడు హెల్మెట్ నేలకేసి కొట్టాడు. గిల్-డో మూలుగు అంతకంతకీ సన్నబడుతోంది.

యోన్-సిల్ తన బల్ల దగ్గరికే వెళ్ళింది. హాలు బయట మైదానంలో ఇంకో తెర ఉంది, అభిమానులకి ప్రకటనలు చూపించే తెర. దాని తీగ కూడా ఈ బల్ల మీంచే పోతుంది. అక్కడ వేలమంది, అభిమాన ఆటగాళ్ళ పేర్లు చేత్తో రాసుకున్న అట్టలు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. యోన్-సిల్ ప్రకటన ఆపేసి అక్షరాలు కొట్టింది: 'లోపల ఒక మనిషి పడిపోయాడు. అంబులెన్స్‌ని పిలవనివ్వడం లేదు. మీరు పిలవండి.'

మైదానం చూపించే చిన్న తెర చుట్టూ అందరూ మూగారు. బయట జనం తలలెత్తి చదివారు. చదివి, ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు! ఈలలు వేశారు. ఫోన్లెత్తి వీడియోలు తీసుకున్నారు.

"వీళ్ళకేం పుట్టింది? చప్పట్లేంటి?"

"కొత్త ఆటకి ప్రచారం అనుకున్నారక్కా," అన్నాడు సౌండు పనివాడు. "ప్రతి ఫైనల్‌కీ ఇలా భయపెట్టే సస్పెన్సులు మనమేగా వేసేది. మనం చేసిన అలవాటే."

యోన్-సిల్ కుర్చీలో కూలబడిపోయింది. నిజం చెప్పినా నమ్మని చోట ఇంకేం చెప్పాలి?

"మనిషినే చూపిద్దాం, కెమెరాతో," అని లేచింది.

"సిగ్గులేదూ? వాడి ఇంట్లోవాళ్ళు చూస్తే?" అన్నారెవరో. ఆ మాట గిల్-డో విన్నాడు.

"చూపించక్కా. దాచిపెట్టి చంపుతున్నారు నన్ను. మా అమ్మ కూడా చూడనీ."

పిల్-గొన్ వెళ్ళి కెమెరా భుజానికెత్తుకున్నాడు. "ఎటు నిలబడాలో చెప్పు అమ్మాయ్," అన్నాడు.

సంగీతం లేదు, కంపెనీ గుర్తు లేదు. బయటి తెర నిండా గిల్-డో ముఖం. చుట్టూ దుమ్ముకొట్టుకున్న బూట్లు. నీళ్ళు కావాలని అడుగుతున్న గొంతు. మైదానంలో ఈలలు ఆగిపోయాయి. వీడియోలు తీస్తున్న ఫోన్లు ఒక్కొక్కటే చెవుల దగ్గరికి వెళ్ళాయి.

ప్యో పరుగున వచ్చి తీగలు పీకేశాడు. అప్పటికే ఆలస్యమైంది. సైరన్ వినిపించింది, వెంటనే తలుపుల మీద దబదబా బాదారు. గార్డులు తాళం తియ్యక తప్పలేదు.

"మా వ్యానుంది, మేం చూసుకుంటాం," అని ప్యో అంబులెన్స్ వాళ్ళకి అడ్డంపడ్డాడు. పనివాళ్ళంతా కలిసి అతన్ని పక్కకి నెట్టారు. గిల్-డోని స్ట్రెచర్ మీద కదలకుండా కట్టి తీసుకెళ్ళారు. ఊపిరి ఆడుతోంది.

వెనకే పోలీసులొచ్చారు. తెర మీద వేసిందెవరని అడిగారు.

"నేనే," అంది యోన్-సిల్.

వ్యాపారానికి ఆటంకం కలిగించిందట! మనిషిని తాళమేసి చావబెట్టడం మాత్రం వ్యాపారం. ఆమె చేతులకి సంకెళ్ళు వేశారు. తలుపు దాటిస్తుంటే వెనక ప్యో కేకలు వినిపించాయి.

"అందరూ లోపలికి! గార్డ్, తలుపులు మూసెయ్, తాళం వెయ్! సాయంత్రం ఆట జరిగి తీరాలి!"

పిల్-గొన్ గడప మీద చతికిలబడి కాళ్ళు బార్లా చాపాడు. అతని పక్కన సౌండు పనివాడు కూర్చున్నాడు. ఆ వెనక మిగతావాళ్ళంతా కూర్చున్నారు. మైదానంలో జనం వరసలు విడిచి తలుపు వైపు నడిచొస్తున్నారు.

"లేవరా ముసలోడా! ఈ దేశంలో నీకెక్కడా పని దొరక్కుండా చేస్తాను!"

"చెయ్యి," అన్నాడు పిల్-గొన్. "ఆ పని రేపు చేద్దువుగానిలే. ముందీ తలుపు మూయి. మా కాళ్ళ మీంచి మూయి."

గార్డు తలుపు మీద చెయ్యి వేశాడు, ఆ కాళ్ళ వంక చూశాడు, చెయ్యి తీసేశాడు.