తిరగేసి గీసిన చర్చి

ముప్ఫై ఏళ్లుగా రబ్బరు స్టాంపులు చెక్కుతున్నాను. అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. అప్పుడే కాగితం మీద తిన్నగా పడుతుంది. ఇంత విద్య వచ్చినవాడికి ఒక్క రోజు ప్రయాణం ఏర్పాటు చేయడం ఒక లెక్కా అనుకున్నాను.

ప్రయాణం మా అక్క కోసం. ఆమె చూపు రోజురోజుకూ మసకబారుతోంది. మరో రెండు నెలలకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకపోవచ్చని కళ్ల డాక్టరు చెప్పేశాడు. అక్క ఏడవలేదు. "ఆ చర్చిలో రంగుటద్దాల కిటికీ ఒక్కసారి చూపించరా," అంది. నాలుగు వందల ఏళ్లనాటి ఆ కథోలిక చర్చి బొమ్మ చిన్నప్పటి నుంచీ ఆమె జపమాల పెట్టెలో ఉంది. నేరుగా ఎండ పడితేనే ఆ కిటికీ వెలుగుతుందట.

ఇక నేను నడుం బిగించాను. చర్చివాళ్లు పంచే చిన్న కాగితం ఒకటి సంపాదించాను. అందులో లోపలి పటం ఉంది, తలుపు దక్షిణానికని కూడా రాసి ఉంది. అక్క కళ్లకు ఆనేలా దాన్ని పెద్ద కాగితం మీద లావు గీతలతో గీశాను. కిటికీ కుడి గోడకు వచ్చింది. కుడి అంటే తూర్పు, తూర్పు అంటే పొద్దుటి ఎండ. ఏడుంబావుకు బస్సు, తొమ్మిదింటికి కిటికీ, పన్నెండింటికి తిరుగు బస్సు. మంచినీళ్లు ఎప్పుడు తాగాలో కూడా రాశాను.

మా ఆవిడ చూసి, "తుమ్మొస్తే ఎప్పుడు తుమ్మాలో రాయలేదేం?" అంది. నాలాంటి మేధావిని ఇంట్లోవాళ్లు గుర్తించరులే అని సరిపెట్టుకున్నాను.

అనుకున్న వేళకు చేరాం. అక్కను కుడి గోడ దగ్గరికి నడిపించి, గొంతు సవరించుకుని, "చూడక్కా," అన్నాను.

"ఏం చూడాలిరా? గోడలా ఉందే."

గోడే. సున్నం కొట్టిన వట్టి గోడ. కిటికీ మా వెనక, ఎడమ గోడకు, మసి పట్టిన పలకలా నల్లగా ఉంది.

తాళాలు చూసుకునే పెద్దాయన వచ్చి నా కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇది మా చర్చేనా బాబూ? ఆ కిటికీ పడమటిది. నాలుగున్నర దాటితే గానీ ఎండ రాదు."

అప్పుడు వెలిగింది, కిటికీ కాదు, నా బుర్ర. అలవాటు కొద్దీ నా చేయి చర్చి మొత్తాన్ని స్టాంపులా తిరగేసి గీసేసింది. రెండు నెలలే మిగిలిన కళ్లను ఇంత దూరం లాక్కొచ్చి వట్టి గోడ చూపించాను. నాకు ఏడుపొచ్చింది.

"చెప్పుచ్చుకు కొట్టక్కా నన్ను," అన్నాను.

అక్క కాగితం తీసుకుని వెనక్కి తిప్పి, తలుపులోంచి వచ్చే వెలుతురుకు ఎత్తిపట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. "ఇటు నుంచి సరిగ్గానే ఉందిరా. సాయంత్రం దాకా కూర్చుందాం."

"పన్నెండింటికి బస్సు..."

"రేపు బస్సులుండవా?"

నా కాగితంలో లేని ఏడున్నర గంటలు బెంచీ మీద కూర్చున్నాం. చిన్నప్పుడు నేను చెప్పులు కూడా కుడి ఎడమలు మార్చి వేసుకునేవాణ్ణని అక్క ఆ పెద్దాయనకు చెప్పింది. ఆయన మర్యాదకైనా నవ్వు ఆపుకోలేదు.

నాలుగున్నర దాటాక కిటికీ ఒక్కసారిగా వెలిగింది. "ఎరుపు తెలుస్తోందిరా!" అంది అక్క. కాసేపు కళ్లు చిట్లించి, గొంతు తగ్గించి, "మరియమ్మ తల్లి ముసుగు నీలం కదరా. అదేదీ?" అంది.

"నీ కుడి పక్కన," అనబోయి ఆగాను. నా కుడి మీద నాకే నమ్మకం లేదు. ఆమె చేయి పట్టుకుని, అరచేయి పైకి తిప్పి, వెలుగు పడుతున్న చోట పెట్టాను. అరచేతి నిండా నీలం పరుచుకుంది.

అక్క ముఖం చేతి మీదికి వంచింది. చాలాసేపు చూసింది. "దొరికిందిరా," అంది.

ఎండ దిగిపోయేదాకా ఆ చేయి తీయలేదు. నేను గడియారం చూసుకోలేదు.