తప్పు లేని వాక్యం

తప్పులు పట్టడంలో అనితకు తిరుగులేదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని ఎక్కడ కనబడినా చివర 'ఎస్' పోయిందని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎవరన్నా 'డిస్కస్ అబౌట్' అంటే చాలు, ఆ 'అబౌట్' ఆమెకు అన్నంలో రాయిలా తగులుతుంది. మహబూబాబాద్‌లోని ఆ చిన్న కోచింగ్ సెంటర్లో తనకన్నా ఎంతో చిన్నవాళ్లు కూడా ఆమె పక్కన చేరి డౌట్లు అడిగేవారు. ఇంత తెలిసిన మనిషికి ప్రతి మాక్ టెస్టులోనూ సరిగ్గా ఆ భాగం దగ్గరే కొంప మునిగేది. వాక్యంలో తప్పు ఎక్కడుందో గుర్తించండి అంటారే, అక్కడే. తప్పు జవాబుకు ఉన్న మార్కులు కూడా కోసేసే పరీక్ష మరి, దానికి జాలి ఎక్కడిది.

ఇది ఆమెకు ఆఖరి పరీక్ష. కేంద్ర ప్రభుత్వ గుమస్తా ఉద్యోగానికి ఎస్టీలకు ఇచ్చిన వయసు సడలింపు కూడా ఈ ఏటితో అయిపోతుంది. మరిపెడ అవతల తండాలో భర్త జైపాల్ ట్రాక్టర్ నడుపుతాడు. "నువ్వు పోయి చదువుకో, ఇల్లు నేను చూస్త" అన్నాడు, ఆ మాట మీదే ఉన్నాడు. ఈసారి కూడా పోతే ఆమెను ఎవరూ ఏమీ అనరు. అదే ఆమె భయం. ఎవరూ ఏమీ అనకుండానే మిరప కల్లంలో, తల్లి పక్కన, ఆమెకింత చోటు చూపిస్తారు. ఇక బతుకంతా అక్కడే.

ఇంగ్లీషు చెప్పే దానియేలు సార్ ఒకనాడు ఆమె పేపర్లన్నీ ముందేసుకుని పిలిచాడు.

"అనితా, జర ఇటు రా. గిది చూడు. 'ది న్యూస్ ఈజ్ ట్రూ.' దీంట్ల నీకు తప్పేం కనబడ్డది?"

"'ఆర్' రావాల్నేమో అనుకున్న సార్."

"అనుకున్నవా, తెలుసా?"

ఆమె ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివింది. "'ఈజ్' అనే రావాలె. తెలుసు సార్."

"తెలిసి గూడ ఎందుకు పెట్టినవ్? ఆఖరి ఆప్షన్ 'నో ఎర్రర్' అని ఉంటది గద. ఇన్ని పేపర్లల్ల నువ్వు దాన్ని ఒక్కపారి గూడ ముట్టలే. తప్పు లేని వాక్యం వస్తే సుత ఏదో ఒక మంచి మాటను పట్టి దోషిని చేసినవ్."

అనితకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతి టెస్టులో ఆ ఆప్షన్ పెట్టి తీరాలని కూర్చుంది. పెన్ను దాని దాకా పోయి వెనక్కొచ్చింది. ఇంతసేపు చూసి ఏమీ లేదంటే ఎట్లా, సరిగ్గా చూడలేదనుకోరూ అని లోపల ఏదో గొణిగింది. అనుకునేది ఎవరో ఆమెకే తెలియదు.

ఆదివారం తండాకు పోయింది. మిరప కోతల కాలం. తల్లి జమ్లీ, ఆసామి గోవర్ధన్ కల్లంలో తాలు ఏరుతోంది. తాలంటే తెల్లబడి పాడైన కాయలు. వాటిని ఏరి గంపలో వేస్తే ఎర్రటి సరుకు మార్కెట్‌కు పోతుంది. అనిత కొంగు బిగించి తల్లి పక్కన కూర్చుంది. మొదటి కోత కాయ, కుప్ప ఎర్రగా నిగనిగలాడుతోంది. తాలన్నది వెతికినా దొరకడం లేదు.

అంతలో గోవర్ధన్ బండి చప్పుడు వినిపించింది. ఆడవాళ్ల చేతులన్నీ ఒక్కసారి వేగం అందుకున్నాయి. అనిత చెయ్యీ అందుకుంది. బండి దాటిపోయాక గంపలోకి చూసుకుంటే, తాను వేసినవన్నీ మంచి కాయలే.

వాళ్లిద్దరూ మాట్లాడుకునేది తండా భాషలో. "యాడీ, గివి మంచి కాయలు గద. తాలుల ఎందుకేసినం?" అని తల్లిని అడిగింది.

జమ్లీ తలెత్తలేదు. "గంప ఖాళీగ ఉంటే ఉత్తగ కూసున్నరు అంటడు. నాలుగు మంచియి ఏస్తెనే పని చేసినట్టు కనబడతది. నీకు చిన్నప్పుడే నేర్పిన గదనే."

నేర్పింది నిజమే. సరిగ్గా కూర్చోవడం రాని వయసులోనే నేర్పింది. అనితకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కూలి పోతుందన్న భయంతో చేతికి పట్టిన అలవాటు బడికీ, కోచింగ్‌కూ, పరీక్ష హాలుకూ తనతోపాటే వచ్చి కూర్చుంది. తల్లి మీద కోపం రాలేదు. అంత చిన్న పిల్ల చేత మంచి కాయను పారేయించిన ఆ భయం మీద వచ్చింది. దాన్ని వదిలించుకోకుండా పరీక్షకు పోయేది లేదని అక్కడే, ఆ ఘాటులోనే నిశ్చయించుకుంది.

మహబూబాబాద్‌లో తానుండే హాస్టల్‌కు తిరిగి వచ్చి, తప్పులు పట్టే పుస్తకాలన్నీ మూట కట్టి మంచం కిందికి తోసింది. ఇంగ్లీషు పేపరు కొనుక్కుని ఒక్కో వాక్యం పైకి చదివి, "బాగుంది" అని పక్కకు జరిగేది. హాస్టల్ పిల్లలు నవ్వారు. "అక్కా, పేపరోళ్లకు మార్కులేస్తున్నవా?" అన్నారు. వేస్తున్నాననే చెప్పింది. చెయ్యి మాత్రం అంత తొందరగా మాట వినలేదు. మంచి వాక్యం చూసినప్పుడల్లా దాన్ని ఎక్కడో ఒకచోట గిల్లాలని లాగేది. ఆమె మళ్లీ చదివేది, మళ్లీ "బాగుంది" అనేది. మొండితనంలో జమ్లీ బిడ్డే కదా.

పరీక్ష హనుమకొండలో పడింది. కంప్యూటర్ తెర మీద ఒక వాక్యం వచ్చింది, తప్పు లేదు. 'నో ఎర్రర్' పెట్టింది. తర్వాతి దాంట్లోనూ లేదు. అక్కడా అదే పెట్టింది. మూడోదీ అంతే. వరసగా మూడు ఎక్కడన్నా ఇస్తారా, ఒక్కదాన్నయినా మార్చు అని పాత భయం చెవిలో రొద పెట్టింది. అనిత మూడింటినీ మళ్లీ మొదటి నుంచి చదివింది. బాగున్నాయి. మార్చకుండా ముందుకు పోయింది.

బయటికి రాగానే దానియేలు సార్ ఫోన్ చేశాడు. ఆ మూడింటి సంగతి విన్నాక గొంతు తగ్గించాడు. "వరసగ మూడా? గట్ల ఇయ్యరు అనితా. ఒకటన్న తప్పు ఉంటది."

"నేను చూసిన సార్. నాకు కనబడలేదు. కనబడని తప్పును నేను పెట్ట."

జవాబుల కీ వచ్చింది. రెండు ఒప్పు, ఒకటి తప్పు. సార్ చెప్పిందీ నిజమే, ఆమె చేసిందీ సరైందే. ఆ రెండింటి మార్కులు కలిస్తేనే ఆమె కటాఫ్ గీత దాటింది. ఫలితాల్లో తన నంబరు చూసుకున్నప్పుడు మహబూబాబాద్ నుంచి మరిపెడ పోయే బస్సులో నిలబడి ఉంది. జమ్లీకి ఫోన్ కలిపింది. బస్సు నిండా జనం, అందరూ ఇటే చూస్తున్నారు. అనిత గొంతు తగ్గించలేదు. ఉద్యోగం వచ్చిందని తండా భాషలో, ఏ బడిలోనూ ఎవరూ దిద్దని ఆ భాషలో, తల్లికి వినబడేదాకా అరిచి చెప్పింది.